ఈ ఇల్లు ఖాళీగానే ఉంది

“లే బాపూ. ఇంటికి పోదాం.”

కారు దిగుతూనే అన్నాడు గిరిధర్. తండ్రి వీరేశం కుర్చీలోంచి కదల్లేదు.

బోటనీ డౌన్స్‌లో ఆ ఇంటి ముందు, ఫుట్‌పాత్ మీద నాలుగు మడత కుర్చీలు వేసి ఉన్నాయి. ఇది నాలుగో రోజు. వీరేశం ఒళ్లో ఒక అట్టముక్క. దాని మీద ‘ఈ ఇల్లు ఖాళీగానే ఉంది’ అని ఇంగ్లీషులో రాసి ఉంది. జాతి చూసి అద్దెకివ్వని ఇళ్ల ముందు కూర్చునే ‘ఒకే వీధి’ సంఘం పద్ధతి అదే. పదింటికి రావాలి, నాలుగింటికి లేవాలి. అరవకూడదు. గేటుకు అడ్డం కూర్చోకూడదు. ఎవరేమన్నా తిరిగి తిట్టకూడదు.

పక్క కుర్చీలో మెరెయానా ఉంది. ఈ దేశపు మూలవాసి, మావోరీ ఆమె. ఇద్దరు పిల్లలతో మోటెల్ గదిలో ఉంటోంది. సోమవారం అదీ ఖాళీ చేయాలి. ఈ ఇంటి కోసం ఫోన్ చేస్తే, పేరు వినగానే అద్దెకు పోయిందన్నాడు ఓనరు. గంట తర్వాత సంఘంలోని కాలిన్ అనే తెల్లాయన చేస్తే, చూడ్డానికి ఎప్పుడొస్తారని అడిగాడు.

“మా ఆఫీసోళ్లు చూసిన్రు. ఫొటో గూడ తీసిన్రు,” అన్నాడు గిరిధర్.

“మంచిగ వచ్చిందా?”

“నవ్వులాట కాదు. మనకెందుకీ లొల్లి?”

“లొల్లి ఏడుంది? గొంతు లేపింది నువ్వే.”

గిరిధర్ గొంతు తగ్గించాడు. “ఎవరిల్లు వాళ్లిష్టం బాపూ. ఇల్లు ఖరాబు చేస్తరని భయముంటది గద.”

“ఈమె ఏం ఖరాబు చేసింది?”

“ఈమె అని కాదు. అందరనేదే.”

“ఇన్వర్‌కార్గిల్ల చదివేటప్పుడు నువ్వెన్ని ఇండ్లు తిరిగినవు?”

గిరిధర్ తన కారు వైపు చూశాడు.

“పదకొండు. ఎందుకియ్యలే?”

“కూర వాసన గోడలకు పడ్తదన్నరు.”

“అప్పుడు నీకు వంటే రాదు. బ్రెడ్డు తిని బతికినవు. ఆ చలిల కార్ల పన్నవు. అమ్మకు చెప్పకన్నవు. నేను చెప్పలే.”

మెరెయానా ఫ్లాస్కులోంచి టీ పోసి గిరిధర్‌కిచ్చింది. “మీ నాన్న ఏమంటున్నారు?” అని ఇంగ్లీషులో అడిగింది.

“చలిగా ఉందంటున్నాడు.”

“మీరూ కూర్చోండి. కాలిన్ మధ్యాహ్నం దాకా రాడు,” అని ఖాళీ కుర్చీ చూపించింది.

గిరిధర్ కూర్చోలేదు. తండ్రి వైపు వంగాడు. “ఎన్నొద్దులు ఇట్ల?”

“ఆమెకు ఇల్లు దొరికెదాంక.”

“చేయి పట్టి లేపుకపోతే?”

“లేపు. తిట్ట, కొట్ట. రేపు పదింటికి మళ్లొస్త.”

“ఒక్క మాట ఇనవేంది బాపూ?”

“ఇంట. ఆ ఓనరును ఈడికొచ్చి, ఆమె మొకం చూసి, ఇల్లు లేదని చెప్పుమను. అప్పుడే లేస్త.”

వీరేశం అట్టముక్క సరిచేసుకుని వీధి వైపు చూస్తూ కూర్చున్నాడు.

గిరిధర్ చేతిలో టీ చల్లారింది. మెరెయానా వైపు తిరిగాడు. ఆమె ముఖం చూశాడు.

“సారీ,” అన్నాడు చివరికి.

ఎందుకో ఆమెకు అర్థం కాలేదు.

గిరిధర్ జేబులోంచి ఆ ఖాళీ ఇంటి తాళాలు తీసి ఆమె చేతిలో పెట్టాడు.