గ్రహణం నాటి దర్భ

"ఇదెవరు వేశారు మామ్మా?" మనవరాలు నీలిమ అక్వేరియంలోంచి దర్భపోచను పైకి తీసి పట్టుకుంది.

"నానే ఏసినాను," అంది రామలక్ష్మమ్మ. "రాత్రి గ్రహణం కదేటి? ఊరగాయ జాడీలో ఏసి, ఈ ఉప్పునీళ్ళని ఒగ్గేత్తానా?"

"అయితే నువ్వే చంపేశావు! చూడు."

తొట్టె అడుగున ఇసుకమీద పీత కాళ్ళూ డెక్కలూ ముడుచుకుని పడి ఉంది. శంఖంలో కాపురముండే రకం. పుట్టినరోజుకి పేచీపెట్టి మరీ కొనిపించుకుంది నీలిమ.

"ఇంక నీతో మాట్లాడను."

రామలక్ష్మమ్మ గబుక్కున దగ్గరికొచ్చింది. ఈ ఫ్లాట్‌లో ఆవిడ కబుర్లు వినే చెవులు ఆ రెండే.

"ఏడవకే తల్లీ. రుషికొండ సంద్రానికెల్లి దీని తమ్ముణ్ణి అట్టుకొత్తాను."

నీలిమ ముఖం తిప్పేసుకుంది.

కనీసం మందారం కుండీలో పాతిపెడదామని మామ్మ నీళ్ళలో చెయ్యి పెట్టి పీతను తీసింది. దూదిలా తేలిగ్గా ఉంది.

"ఇదేటి, లోపల ఏటీ లేదు? ఒట్టి డొల్ల!"

అప్పుడే రాయి వెనక శంఖం కదిలింది. అందులోంచి లేత గులాబీరంగు మీసాలు రెండు బయటికొచ్చాయి.

"ఓలమ్మో! పాము కుబుసం ఇడిసినట్టు ఇడిసిందే!"

నీలిమ గబగబా ముట్టుకోబోయింది. మామ్మ ఆ చేతిమీద ఒక్కటేసింది. "ఒగ్గీ. పచ్చి బాలింతలాగుంది, నాల్రోజులు మూలనుండనీ."

నీలిమ నవ్వేసింది. "చూశావా, నీ దర్భ వేసినా చావలేదు."

"నా దర్భ ఉండబట్టే బతికింది!"

నీలిమ దర్భపోచను తుడిచి, నీళ్ళలో కాదుగానీ, తొట్టె మూతమీద పెట్టింది.

"సరేగానీ మామ్మా, పాము కుబుసం నువ్వెక్కడ చూశావు?"

రామలక్ష్మమ్మ కుర్చీ లాక్కుంది.