వెనకబడే అక్క

"రవిక ఛార్జింగ్ పెట్టావుటే?" అని అక్క రాజ్యం అడిగితే, "పొద్దున్నే పెట్టానక్కా" అంది ఇందుమతి, నల్లచీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ.

ఇప్పుడందరూ తొడుక్కునేవి మందు రవికలు, మందు చొక్కాలే. ఒంటిమీద మచ్చ లేచేలోపే గుడ్డ కనిపెట్టి మందు పట్టించేస్తుంది. మనవరాలు పల్లవికి సోరియాసిస్ అన్న మాటే తెలియదు. ఇందుమతి మాత్రం మరిచిపోలేదు. పొట్టు రాలి కనిపిస్తుందని వయసులో నలుపు జోలికే పోలేదామె. అది అంటుకునే జబ్బు కాదన్నా వినకుండా, బస్సులో పక్కనున్నవాళ్ళు లేచిపోయేవారు. ఆ సీట్లోకి వచ్చి ఆనుకుని కూర్చునేది అక్కే. దిగేటప్పుడు మాత్రం ఎప్పుడూ వెనకబడేది.

"నీతో ఎక్కడికెళ్ళినా ఇంతే, త్వరగా రావేం!" అని ఇందుమతి విసుక్కునేది.

ఆ సాయంత్రం పల్లవి వీణ కచేరీ అయ్యాక, ఇందుమతి లేచి హాలు గుమ్మం దాకా నడిచింది. పక్కన అక్క లేదు. వెనక్కి తిరిగి చూసింది. ఇందుమతి కూర్చుని లేచిన కుర్చీని రాజ్యం కొంగుతో దులుపుతోంది.

"ఏం దులుపుతున్నావ్ పెద్దమ్మమ్మా? శుభ్రంగానే ఉందిగా!" అంది వేదిక దిగి వచ్చిన పల్లవి.

రాజ్యం చెయ్యి ఆగిపోయింది. "ఏమోనే, అలవాటు" అంది సిగ్గుపడుతూ.

బస్సుల్లో, పెళ్ళిపందిళ్ళలో, సినిమా హాళ్ళలో తను వెనక్కి చూడకుండా వచ్చేసిన కుర్చీలన్నీ ఇందుమతి కళ్ళ ముందు తిరిగాయి.

"నీతో ఎక్కడికెళ్ళినా ఇంతే" అంది, అక్క కోసం వెనక్కి నడుస్తూ.