జానెడు ఎత్తు

"చేపల తొట్టి లైటు నీళ్లకు జానెడు పైన కట్టు" అని భర్త రాజనర్సయ్య ఆస్పత్రి నుంచి ఫోన్లో చెప్పాడు. భూలక్ష్మి తన చిన్న చేత్తోనే కొలిచి కట్టింది. లైటు కిందికైంది. వేడికి రెండు చేపలు చచ్చాయి.

"అన్నీ మంచిగున్నయి" అని ఆయనకు అబద్ధం చెప్పింది. అదే నమ్ముతూ ఆయన ఆస్పత్రిలోనే కన్నుమూశాడు.

నెల తిరిగాక ఒక రాత్రి, అమీర్‌పేట గల్లీ సద్దుమణిగిన వేళ, లైటు పైకి జరిగి కనిపించింది. కొలిచి చూసింది. తన జానకు మూడు వేళ్లు ఎక్కువ. సరిగ్గా ఆయన జానెడు.

"నవీనా, లైటు నువ్వు జరిపినవా?"

"నేనెందుకు జరుపుత అత్తమ్మా? దాన్ని ముట్టుకుంటే మామ నాకు గడ్డి పెడుతుండె గద!" పక్క గదిలోంచి కోడలు నవ్వింది.

భూలక్ష్మి తొట్టి ముందు కూర్చుంది.

"రెండు సచ్చిపోయినయి. నీకు చెప్పలే" అంది మెల్లగా.

మిగిలిన చేపలన్నీ అద్దం దగ్గర గుమిగూడాయి. మేత వేసే మనిషి వచ్చినట్టు, ఆమె భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాయి.