ఆరని స్ట్రాలు

గేటు పక్కన తుక్కు కుప్పలోంచి ఒక కాగితపు స్ట్రా తీసి, పెద్దాయన రెండు వేళ్ల మధ్య నొక్కాడు.

అతుకు విడిపోయి, కాగితం చుట్ట విప్పుకుంది.

"తాతా, అక్కడ ఏరుకోడానికేం లేదు. వెళ్లు," అంది సూపర్‌వైజరు షెడ్డు గుమ్మంలోంచి.

పొద్దున ఆరు నుంచి నిలబడే ఉంది. కాళ్లు బరువెక్కాయి.

లోపల మూడు కాగితపు పట్టీలు జిగురు పూసుకుని, ఇనుప కడ్డీకి మెలి తిరిగి, ఒకే గొట్టమై బయటికొస్తున్నాయి. కత్తి దాన్ని జానెడేసి ముక్కలుగా కోస్తోంది.

కోసినవి వేడి గదిలో ఒక రోజంతా ఆరాలి. ముసురు పడితే ఇంకా ఎక్కువ.

కానీ ఆసుపత్రికి పోయే పెట్టెలు సాయంత్రానికల్లా బండెక్కాలి. ఆ ఒక్క ఆర్డరు పోతే షెడ్డుకి తాళమే. పదకొండు మంది ఇళ్లకి పోవాలి.

అందుకే సూపర్‌వైజరు ఒక్క పూటకే వాటిని వేడి గదిలోంచి తీయించేస్తోంది.

"వీటిని ఇవాళ పంపకండమ్మా," అన్నాడు పెద్దాయన. "ఇంకో పూట ఆరనివ్వండి."

"ఆరలేదని నీకెవరు చెప్పారు?"

"చేతికి తెలిసిపోతుందమ్మా."

మిషను ఆపరేటరు నవ్వాడు. "అక్కా, జీతం అడగని ఇన్‌స్పెక్టరు దొరికాడు. వదులుకోకు."

ఆమెకి నవ్వు రాలేదు. "ఆర్నెల్లుగా ఇలాగే పంపుతున్నాం తాతా. ఇంతవరకు ఒక్క మాట రాలేదు."

"ఆ సంగతే చెబుదామని..."

"ఏమనుకోకు. కూర్చుని వినే ఓపిక లేదు నాకు."

పెద్దాయన విడిపోయిన స్ట్రాని తిరిగి తుక్కు కుప్ప మీద పెట్టాడు. తర్వాత ముసురులోనే మెల్లగా వెళ్లిపోయాడు.

సాయంత్రం పెట్టెలు బండెక్కాయి.

నాలుగో రోజున అన్నీ తిరిగొచ్చాయి. పైన ఒకటే ముక్క రాసుంది: ఇక వద్దు.

ఆమె చెయ్యని ఫోను లేదు. చివరికి తనే ఆసుపత్రికి వెళ్లి, వార్డు నర్సు బల్ల ముందు నిలబడింది.

"ఆర్నెల్లూ బాగానే ఉన్నాయి కదా సిస్టర్. ఈసారే ఏమైంది?"

నర్సు చార్టులోంచి తలెత్తలేదు. ఆమె కళ్లూ నిద్రలేక వాచి ఉన్నాయి.

"ఎక్కడ బాగున్నాయమ్మా. నూటికి ముప్పై నోట్లోనే విడిపోయేవి. మెడ ఎత్తలేనివాళ్లు పన్నెండు మంది ఉన్నారిక్కడ. ఆ పీలికలు గొంతుకడ్డం పడితే ఎవరిది పూచీ?"

"మరి ఇన్నాళ్లూ..."

"ఒక పేషెంటు భర్త ఉండేవాడు. రోజూ భార్య మంచం పక్కన కూర్చుని, ఒక్కోటీ వేళ్లతో నొక్కి చూసి, గట్టివి మా చేతికిచ్చేవాడు. పన్నెండు మందికీ."



"మరి మాకు కంప్లయింటు రాయలేదేం?"

"రాస్తానంటే ఆయనే వద్దన్నాడు. అక్కడా రెక్కాడితే గాని డొక్కాడని వాళ్లే ఉంటారు, ఏరుకుంటే పోయేదానికి ఎందుకమ్మా అని."

"ఆయన ఇప్పుడెక్కడున్నారు సిస్టర్?"

నర్సు మొదటిసారి తలెత్తింది.

"పోయిన వారం వాళ్లావిడ పోయింది. రేపట్నుంచి ఏరిపెట్టడానికి నేనుండను, ఆ మాట స్ట్రాలు చేసేవాళ్లకి చెప్పి వెళ్తానని మీ అడ్రసు రాయించుకున్నాడే, రాలేదా?"