సంతోషమ్మ గొంతులో గడ్డ

“పెద్దయ్యను అడక్కుండా గొంతు మీద కత్తి పెట్టిచ్చుకోను” అంది సంతోషమ్మ, చారులో తిరగమోత వేస్తూ.

“గొంతు నీదా, పెద్దయ్యదా మే?” అన్నాడు తిమోతి.

“దేవుడిది.”

తిమోతి తాతలనాటి మిషన్ చర్చి మనిషి. భార్య మాత్రం ప్రొద్దుటూరులో కొత్తగా వెలిసిన ‘సహవాసం’ అనే ప్రార్థన మందిరంలో చేరింది. అక్కడి పాస్టరు పెద్దయ్య చెప్పిందే దేవుడి వాక్యం. నగలొద్దు, పూలొద్దు, మందులొద్దు. గొంతులో గడ్డ నిమ్మకాయంత అయింది. తీయకపోతే ప్రాణానికే ఎసరని కడప డాక్టరు చెప్పాడు. ప్రార్థనతో కరుగుతుందని పెద్దయ్య చెప్పాడు. గడ్డ మాత్రం ఇద్దరి మాటా పట్టించుకోకుండా పెరుగుతోంది.

ఇక లాభం లేదని తిమోతి జమ్మలమడుగులో ఉన్న అక్క లీలమ్మ దగ్గరికి పోయాడు. ఆమె డిగ్రీలో సైకాలజీ చదివింది. అప్పటినుంచీ దాన్ని మొగుడి మీదే వాడుతోంది.

“దానికి మందు పెట్టినారక్కా.”

“మందు లేదు మాకు లేదు. మనసు పట్టుకున్యారు. ఏ పనికైనా ముందు ఎవుర్ని అడుగుతాది?”

“పెద్దయ్యనే. పులివెందుల్లో చెల్లెలి బిడ్డకు పేరు పెట్టేదానికి పోవల్లన్నా ఆయన్నే అడిగె. వద్దన్యాడు, పోలే.”

“ఎందుకొద్దంట?”

“వాళ్లు సహవాసమోళ్లు కాదంట. సొంత చెల్లెలక్కా! దోవలో ఎదురైతే తల తిప్పుకుంటాది. మనిషనేటోళ్లు చేసే పనేనా?”

“కాదులే. అన్నట్టు, నిన్న ఏసయ్య వచ్చినాడప్పా. అన్న ఎట్లుండాడని నిన్నే అడిగె.”

ఏసయ్య వీళ్లిద్దరికీ తమ్ముడు. మొన్నటి ఎలక్షన్లలో తిమోతి పార్టీని కాదని అవతలి పార్టీ ఏజెంటుగా కూర్చున్నాడు. తిమోతి గోడ గడియారం కేసి చూశాడు.

“నాకు బస్సుకు టైమైతాంది. సంతోషమ్మ సంగతి చెప్పక్కా.”

లీలమ్మ తిమోతి వైపు ఒకసారి చూసి, కాఫీ గ్లాసు ముందుకు జరిపింది.

“పెద్దయ్యను ఒక మాటంటే ఏమంటాది?”

“మీదికొస్తాది. ఆయన ఏం చేసినా మన మంచికేనంట.”

“ఐతే ఆయన్ని తిట్టొద్దు. నువ్వు తిట్టేకొద్దీ ఆ పక్కకే జరుగుతాది. నీకేమనిపిస్తాందని మాత్రం అడుగు. జవాబొచ్చేదాకా నోరు మూసుకో.”

“అంతేనా?”

“మగోళ్లకు అదే శానా కష్టంలే.”

తిరుగు బస్సులో తిమోతికి ఒకటే బాధ. పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైన మనిషి, ఇంకొకరి బుర్రతో ఎట్లా బతుకుతుందబ్బా అని. మధ్యలో తమ పార్టీ నాయకుడి ఇల్లు కనిపిస్తే సీట్లోంచి లేచి నిలబడి, దండం పెట్టి, మళ్లీ కూర్చుని బాధపడ్డాడు.

అక్క చెప్పినట్టే చేశాడు. అడిగాడు, నోరు మూసుకున్నాడు. మొదట్లో జవాబుగా బైబిలు వాక్యాలు వచ్చాయి. తర్వాత ఏడుపు వచ్చింది. ఒక ఆదివారం సహవాసానికి పోవాల్సిన వేళకు సంతోషమ్మ గడప మీద కూర్చుండిపోయింది.

“గంజి గూడా దిగడం ల్యా మామా.”

“నీకేమనిపిస్తాంది?”



“బతకల్లనిపిస్తాంది. పెద్దయ్యను అడగను. అడిగితే వద్దంటాడు.”

“వెలేస్తారేమో.”

“ఏసుకోనీ. గొంతు నాది.”

తిమోతి కళ్లు తుడుచుకున్నాడు. “ఒకర్ని అడిగి బతికేదీ ఒక బతుకేనా మే! పద, ఇప్పుడే పోదాం.”

సంతోషమ్మ అప్పటికే సంచిలో చీరలు సర్దిపెట్టుకుంది. తిమోతి ఆ సంచి భుజానికి తగిలించుకుని, వీధిలో పోయే ఆటోను కేకేసి ఆపాడు.

“కడపకే గదా?” అన్నాడు భార్యతో.

“కడపలో నెల ఆగల్లంట, అంతవరకు నేనుండొద్దా? లీలక్క ఈడ ప్రొద్దుటూర్లోనే మాట్లాడింది. మైదుకూరు రోడ్డులో అలీ అహ్మద్ డాక్టరు. రేపే చేస్తాడంట.”

తిమోతి సంచి కింద పెట్టాడు.

“ఆయన మన పార్టీ కాదు మే.”