గ్యాస్ అలారం మోగిన రాత్రి

కోటగిరి పొలిమేరలోని ఆ ఇంట్లో రూతమ్మ, కూతురు షారోన్ ఇద్దరే ఉంటారు. ఒక రాత్రి వంటింటి గోడకున్న గ్యాస్ అలారం కీచుమని మోగింది. రూతమ్మ లేచేసరికి ఇల్లంతా గ్యాస్ వాసన. సిలిండర్ దాకా పోయే ధైర్యం చాలలేదు.

“లైటెయ్యకు బిడ్డా, బయటికి నడువు!”

ఇద్దరూ చీకట్లో వంటింటి వెనకే ఉన్న చెరుకు చేను గట్టు దాకా పరుగెత్తారు. అంతలో ఎవరో మీట నొక్కినట్టు అలారం ఆగిపోయింది.

“బందయింది అవ్వా,” అంది షారోన్.

“గ్యాస్ గట్లనే ఉంది గదనే. ఎట్ల బందైతది?”

ఆ నిశ్శబ్దంలో వంటింట్లోంచి అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినిపించింది. అంటుకోలేదు.

“అవ్వా, లోపటెవరున్నరు?”

రూతమ్మ కూతురిని గట్టు వెనక బోర్లా పడుకోబెట్టి, ఆమె మీద తాను ఒరిగింది.

లోపల పుల్ల మళ్లీ గీశారు.