వీపు మీద పేరు

అరుణశ్రీ నల్ల టీషర్టు లోపల అట్టముక్క పెట్టి, బ్లీచింగ్ నీళ్లలో ముంచిన కుంచెతో మొగుడి పేరు పెద్దగా రాసింది. ఎండకు ఆరేసరికి నలుపు వెలిసి, ఇటుక రంగులో ‘ధనరాజు’ అని తేలింది.

పెళ్లిరోజు కానుక. ధనరాజు అది వేసుకుని రేవంతా తిరిగొచ్చాడు.

“ఒసే, మా పడవోళ్లందరూ మాకూ రాసిమ్మంటన్నారు!” అని నవ్వాడు. “అయినా ముందేపు రాస్తే నేనూ సూసుకుందును కదే. ఎనకేపు ఎందుకు రాసినావు?”

“నువ్వు సూసుకోడానికి కాదు మావా,” అంది అరుణశ్రీ కుంచె కడుగుతూ.

“మరెవులికి?”

“మా అయ్య ఒడ్డుకి బోర్లా కొట్టుకొచ్చినాడు. ముఖం సేపలు తినేసినాయి. ఆ శవం మా అయ్యదో, అదే పడవలో పోయిన పక్కింటోడిదో తెలీక రెండిళ్లోళ్లం దానికోసం కొట్టుకున్నాం. రంగుతో రాస్తే ఉప్పునీళ్లకి పోతాది. ఇది గుడ్డున్నంత కాలం ఉంటాది.”

ధనరాజు నవ్వు ఆగిపోయింది. టీషర్టు మాత్రం విప్పలేదు. ఆమె పక్కన చతికిలబడి, పడవలో తనతో వచ్చేవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పసాగాడు.

మొదటి పేరు తన తమ్ముడిది.